మేడమక్కకు శాశ్వత నివాసం

నేను చదివింది బీకామ్. చేసింది రొయ్యపిల్లల హేచరీలో ఆఫీసు పని. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున, చేపలు పట్టే పల్లెకారుల పాలెం దాటగానే ఆ హేచరీ ఉంటుంది. కావలి నుంచి రోజూ స్కూటీ మీద వెళ్ళి వచ్చేదాన్ని. తల్లి రొయ్యలతో గుడ్లు పెట్టించి, ఆ పిల్లను ట్యాంకుల్లో పెంచి, ఆక్సిజన్ నింపిన కవర్లలో కట్టి చెరువుల వాళ్ళకు అమ్మడం అక్కడి వ్యాపారం. వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని, రొయ్యను తినడం తప్ప దాని సంగతి నాకేమీ తెలియదు. నాకు తెలిసింది కాయితాలు. ఒక కాయితం చేతికిస్తే దాని మీద ఎవరి సంతకం తక్కువైందో ఇట్టే చెప్పగలనని కొంచెం పొగరు కూడా ఉండేది.

హేచరీ యజమానిది థాయిలాండ్. మొదట వేరే కంపెనీలో రొయ్య గుడ్ల పని చూడడానికి ఉద్యోగం వీసా మీద వచ్చిందట. ఆ కంపెనీ మూతపడ్డాక వెళ్ళిపోకుండా, వాళ్ళ దేశంలో తన వాటా ఆస్తి అమ్ముకుని, ఇక్కడే సొంత హేచరీ పెట్టింది. అప్పటి నుంచి వ్యాపారం వీసా. నేను చేరేటప్పటికే ఆవిడ యాభై దాటింది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. పాలెం చివర ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేది. మేడం అంటే మరీ దూరంగా ఉందని, అక్క అంటే మరీ చనువుగా ఉందని, పాలెం వాళ్ళు రెండూ కలిపేసి మేడమక్క అనేవాళ్ళు.

తెలుగు ఆవిడకు బాగానే వచ్చు. ట్యాంకులు రుద్దే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది కాబట్టి అచ్చం పాలెం మాటే. కానీ ఆ మాట చాలా తక్కువగా బయటికి వచ్చేది. కరెంటు పోయి, స్తంభం దగ్గర ఫ్యూజు వెయ్యమంటే లైన్‌మన్ మూడు ఫోన్లకు గానీ కదిలేవాడు కాదు. వచ్చినప్పుడు ఆవిడ అతనికి కుర్చీ వేసి కూల్‌డ్రింకు తెప్పించేది. ఇంటి ఓనరు చెప్పాపెట్టకుండా మెట్ల కింద తన వడ్ల బస్తాలు వేసి దారి సగం మూసేస్తే, పక్కకు తిరిగి ఎక్కేది. నాకు ఒళ్ళు మండేది. "మీరు చెప్పరా, నన్ను చెప్పమంటారా?" అనేదాన్ని. "వద్దమ్మా, పోనీ" అని నవ్వేది. నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాను. వాళ్ళ దేశంలో అందరూ ఇంతే శాంతంగా ఉంటారేమోనని కూడా అనుకున్నాను. ఆ శాంతం మా ఇంట్లో ఒక్కరికైనా ఉంటే బాగుండునని మా ఆయనతో అన్నాను. ఆయన నా వైపు చూసి ఊరుకున్నాడు.

వీసాకు ఏటా గడువు పెంచుకోవాలి. ఆ నెల వస్తే ఆఫీసులో ఎవరూ నవ్వకూడదన్నట్టు ఉండేది. ఒక ఏడు గడువు దగ్గరపడుతున్నా జవాబు రాలేదు. అప్పుడు ట్యాంకుల నిండా పిల్ల ఉంది. ఒక పొద్దున ఆవిడ నన్ను ట్యాంకుల మధ్య తిప్పుతూ, దేనికి ఏ మేత, ఎంత వేడి, నీళ్ళు ఎప్పుడు మార్చాలి, అన్నీ చెప్పడం మొదలుపెట్టింది.

"నాకెందుకు మేడం ఇవన్నీ?"

"నేను పోవాల్సి వస్తే ఎవురు చూస్తారమ్మా? పిల్లకు వీసా సంగతి తెలవదు గదా."

నేను అక్కడే ఏడ్చేశాను. జవాబు గడువుకు ముందే వచ్చిందనుకోండి. కానీ ఆ ముందు రోజు ఆవిడ గదికి కాయితాల మీద సంతకాలకని వెళితే, తలుపు పక్కన సర్దిన పెట్టె కనిపించింది. జవాబు వచ్చాక కూడా వారం దాకా ఆ పెట్టె విప్పలేదు.

అప్పుడే నెల్లూరులో మా లెక్కలు చూసే ఆడిటరు గారు ఈ దారి చెప్పారు. మన దేశంలో పెద్ద పెట్టుబడి పెట్టి, ఏటా కనీసం ఇరవై మంది ఇక్కడి వాళ్ళకు పని చూపించిన విదేశీయులకు పదేళ్ళ శాశ్వత నివాసం ఇస్తారట. ఏటా గడువు పెంచుకునే బాధ ఉండదు. ఒక ఇల్లు కొనుక్కోవచ్చు కూడా. ఆవిడ ఆ మాట విని ఆయన వైపు కాకుండా నా వైపు చూసి, "వస్తాదా?" అని అడిగింది. "ఎందుకు రాదు మేడం?" అన్నాను. ఆ కాయితాలకి నేను ఉన్నానుగా అని నా ధీమా.

పెట్టుబడి సంగతి ఆడిటరు గారు చూసుకున్నారు. షెడ్లు, పంపులు, ట్యాంకులు అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. విదేశం నుంచి డబ్బు ఏ తోవన వచ్చిందో బ్యాంకు కాయితాలూ ఉన్నాయి. ఇక ఇరవై మంది అంటే మాకు నల్లేరు మీద బండి నడక. జీతాల రోల్లో ఇరవై ముగ్గురు ఉన్నారు, అందరూ పాలెం వాళ్ళే, అందరికీ పీఎఫ్ ఉంది. ఫోటోలు కూడా జతచేస్తే బాగుంటుందని ఆయన అన్నారు. సరేనని ఒక రోజు ప్యాకింగు దగ్గర, ట్యాంకుల దగ్గర అందరినీ ఫోటోలు తీసి పంపించాను. గంటలో ఫోన్ వచ్చింది.

"వీళ్ళెవరమ్మా?"

"మనోళ్ళే సార్."

"నువ్వు పంపిన ఆధార్ కార్డుల్లో ఉన్న మొహాలు వేరు, ఈ మొహాలు వేరు."

"ఆ ఇళ్ళ వాళ్ళే సార్ అందరూ."

"ఇళ్ళు కాదమ్మా సర్కారుకు కావలసింది. మనుషులు."

నాకు అప్పుడు గానీ వెలగలేదు. పాలెంలో పని అనేది ఒక మనిషిది కాదు, ఇంటిది. పడవ మీద అంతే కదా. పడవకొక వాటా, వలకొక వాటా, ఎక్కిన ఒక్కొక్కరికి ఒక్కొక్క వాటా. ఎక్కవలసినవాడికి జ్వరం వస్తే వాడి తమ్ముడో బావమరిదో ఎక్కుతాడు, వాటా మాత్రం ఆ ఇంటికే వెళుతుంది. ఎవరూ దాన్ని మార్పు అనుకోరు. హేచరీ పనికి కూడా వాళ్ళు అదే లెక్క వేసుకున్నారు. రోల్లో కోడలి పేరు ఉంటుంది, కోడలు పుట్టింటికి వెళితే అత్త వస్తుంది. మొగుడి పేరు ఉంటుంది, చేపల వేటకు మంచి గాలి ఉన్న రోజు పెళ్ళాం వస్తుంది. నేను చేరిన కొత్తలో దీని మీద అరిచాను. మేడం నన్ను ఆపింది. ఏ రోజూ పని ఆగలేదు, ఏ రోజూ చెయ్యి తక్కువ కాలేదు, పిల్ల చావలేదు, ఇంక నీకేం కావాలని అడిగింది.  కొన్నాళ్ళకు నాకు కూడా అదే మామూలైపోయింది. వరి పొలాల వైపు ఉద్యోగం అంటే ఆర్డరు మీద పేరున్న మనిషిదే. ఆ మనిషి చచ్చినా బతికినా ఇంకొకరు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోలేరు. నాకు తెలిసిన ఆ లోకాన్నే నేను మర్చిపోయాను.

ఫోటోలు తప్ప దరఖాస్తు కాయితాలన్నీ అప్పటికే వెళ్ళిపోయాయి. అంతలో విచారణకు ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది.  సాయంత్రం పాలెం పెద్దకాపు దగ్గరికి వెళ్ళాను. పాలెంలో ఏ సంగతైనా ఆయన నోటి మీదుగా వెళితేనే జనం వింటారు. ఇసకలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు.

"ఏందిమ్మా, మేడమక్కను పంపించేస్తారంటనే?" అన్నాడు తల ఎత్తకుండా.

"పంపిచ్చేదేం లేదు. ఇచారణకి వస్తా ఉండారు. ఆ రోజు రోల్లో పేరుండే వాళ్ళందరూ హేచరీలో ఉండాల. ఆధార్ కార్డు తెచ్చుకోవాల. ఒక్కళ్ళు గూడా తప్పకూడదు. తప్పితే మేడమక్కకు కష్టం."

ఆయన సూది పక్కన పెట్టాడు. "ఒక్క ఇల్లు గూడా తప్పదు. నువ్వు నిమ్మళంగా ఇంటికి పో."

నేను నిమ్మళంగా ఇంటికి వెళ్ళాను. ఒక్క ఇల్లు అన్నాడే గానీ ఒక్క మనిషి అనలేదని నాకు తట్టలేదు.

విచారణ రోజు పొద్దున స్కూటీ మీద వస్తుంటే పాలెం పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. గాలి బాగుంది, అలలు లేవు, వేటకు వెళ్ళవలసిన రోజు. హేచరీ గేటు బయటే స్కూటీ ఆపేశాను. రోల్లో ఉన్న ఇరవై మూడు ఇళ్ళూ ఇళ్ళకు ఇళ్ళే వచ్చి కూర్చున్నాయి. తలకు నూనె రాసుకుని నున్నగా దువ్వుకున్న మగవాళ్ళు, పెళ్ళికి కట్టే చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు, ముసలమ్మలు, చంకలో బిడ్డలతో కోడళ్ళు. అందరి చేతుల్లో ఆధార్ కార్డులు. పెద్దకాపు గేటు పక్కన నిలబడి, చూశావా అన్నట్టు నా వైపు చూశాడు.

వాళ్ళను వెనక్కి పంపించే వ్యవధి కూడా లేదు. ఆఫీసరు జీపు దిగాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు, నెమ్మదిగా మాట్లాడాడు. రోలు చేతిలో పట్టుకుని ఆ జనాన్ని చూసి, "ఇందులో ఇరవై మూడు పేర్లే ఉన్నాయి కదా" అన్నాడు.  ఆయన ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మను అడిగాడు.

"మీరు ఇక్కడ పనిచేస్తారా అమ్మా?"

"చేస్తా గదా సామీ. ఆ చివరి ట్యాంకులు రుద్దేది నేనే."

"ఎప్పుడు చేస్తారు?"

"మా కోడలు రాని రోజు."

"మీ పేరు ఇందులో లేదే?"

"కోడలి పేరు ఉండాదిగా."

"మరి జీతం ఎవరికి వస్తుంది?"

"ఇంటికొస్తాది." ఆవిడకు ఆ ప్రశ్నే విచిత్రంగా తోచింది. "పేరు ఎవురిదైతే ఏంది సామీ, కూడు అందురం తింటాం గదా?"

ఇరవై చూపమంటే ఎనభై చూపించామని వాళ్ళ ఆనందం. మా మేడమక్క ఎంత మందికి పని ఇస్తోందో ఆఫీసరు కళ్ళారా చూశాడని వాళ్ళ నమ్మకం. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఒక్కొక్కరి మాట రాసుకున్నాడు. చివరికి నన్ను పక్కకు పిలిచి, ఈవిడ మీద ఎప్పుడైనా ఫిర్యాదులు, గొడవలు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. మునిగే పడవలో నాకు దొరికిన ఒకే ఒక్క చెక్క అది.

"ఒక్కటంటే ఒక్కటి లేదు సార్. ఆవిడకు కోపమంటే ఏందో తెలీదు. ఎవురేమన్నా నవ్వి ఊరుకుంటాది."

మేడం నా పక్కనే నిలబడి ఉంది. ఆ మాట విని కూడా నవ్వింది.

సంగతి ఆడిటరు గారికి ఫోన్లో చెప్పాను. "రోల్లో లేనివాళ్ళతో పని చేయించుకుంటున్నామని మనమే ఊరేగింపు తీసి చూపించామా అమ్మా?" అన్నారు. కొన్ని వారాలకు సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. అసలు పని చేస్తున్నది ఎవరు, రోల్లో ఉన్నది ఎవరు, రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయి. నేను చదివి వినిపించాను. మేడం కుర్చీలో కదలకుండా కూర్చుంది.

"ఇది అబద్ధం కింద వేస్తే?" అంది.

"శాశ్వతం రాకపోవచ్చు."

"అది కాదమ్మా. తరవాత మామూలు వీసా అయినా ఇస్తారా?"

నేను ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదవబోయాను.  ఆవిడ నన్ను ఆపి, ఈ సంగతి పాలెంలో చెప్పవద్దంది. తన కోసం వేట మానుకున్నవాళ్ళు, తమ వల్లే చెడిందని తెలిస్తే బాధపడతారంది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఏం మనిషమ్మా అనుకుని దండం పెట్టబుద్ధేసింది నాకు.

చేయగలిగింది ఒక్కటే. వస్తున్న ప్రతి మనిషినీ రోల్లోకి ఎక్కించడం. సర్కారు ఇలా అడుగుతోందని మాత్రమే పాలెంలో చెప్పాం. అత్తకు కొన్ని రోజులు, కోడలికి కొన్ని రోజులు. ఎవరి పేరు వాళ్ళకు, ఎవరి పీఎఫ్ వాళ్ళకు, ఎవరి ఖాతా వాళ్ళకు. ఆ పనితో నా తలప్రాణం తోకకొచ్చింది. ఏ రోజు ఎవరు వస్తారో ముందే చెప్పాలంటే పాలెం వాళ్ళు నవ్వారు. "జొరం ముందుగా చెప్పి వస్తాదా?" అని ఒకామె నిలదీసింది. కొందరు మగవాళ్ళకు ఆడవాళ్ళ ఖాతాలో విడిగా జీతం పడడం రుచించలేదు, పెద్దకాపు దగ్గర పంచాయితీ కూడా పెట్టారు. ఆయన, "మేడమక్క ఉండాలంటే ఇదే దోవ" అని తేల్చేశాడు. చివరి ట్యాంకుల ముసలమ్మ మాత్రం బ్యాంకు పుస్తకం తెచ్చి, అందులో తన ఫోటో నల్లగా పడిందని నాతో పోట్లాడింది. ఇంకో ఫోటో అంటించేదాకా వదల్లేదు.

సంజాయిషీ నేనే రాశాను. ఏదో ఒకటి అల్లి రాయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. పడవ వాటా సంగతి, ఇంటి పని సంగతి, అది తప్పని మాకు తెలియకపోవడం, ఇప్పుడు మార్చుకున్న పద్ధతి, అన్నీ ఉన్నదున్నట్టు రాశాను. ఆడిటరు గారు చదివి, ఇది ఆఫీసు ఉత్తరం లాగా లేదు, అయినా ఉండనీ అన్నారు.

తరువాత ఎదురుచూపు. వానలు వచ్చాయి, ఒక తుఫాను గేటును ఎత్తుకుపోయింది, మళ్ళీ ఒకసారి మామూలు వీసాకే గడువు పెంచుకున్నాం. ఆ పెట్టె మళ్ళీ తలుపు పక్కకు వచ్చింది. పాలెంలో కొందరు ఆవిడ ఉండదని ఖాయం చేసుకుని, వేరే హేచరీల్లో పని అడుగుతున్నారని విన్నాను. వాళ్ళను తిట్టలేకపోయాను. నేను కూడా కావలిలో ఒక ఎరువుల కంపెనీ వాళ్ళను అడిగి పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. శాశ్వత నివాసం ఇచ్చారు. నేను గట్టిగా చదివాను. ఆవిడ ఇంకోసారి చదవమంది. చదివాను. లేచి, చెంబెడు నీళ్ళు తాగి, మేత వేళయిందని ట్యాంకుల వైపు వెళ్ళిపోయింది. స్వీట్లు తెప్పిస్తానంటే వద్దంది. నేను ఎగిరి గంతేద్దామనుకున్నదాన్ని, గాలి తీసిన బుడగలాగా కూర్చుండిపోయాను.

మర్నాడు ట్యాంకుల దగ్గర నిలబడి ఆడిటరు గారికి ఫోన్లో చెబుతున్నాను. "అంతా ఆవిడ మంచితనం సార్. ఇన్నేళ్ళలో ఒకరిని ఒక మాట అన్నది లేదు, ఆ నెమ్మదే గట్టెక్కించింది."

వెనక బకెట్ నేలకేసి కొట్టిన చప్పుడు అయింది.

"ఏమ్మే, ఎవురే నెమ్మది?"

అది మేడం గొంతు అని పోల్చుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ట్యాంకులు రుద్దుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపేశారు.

"ఆ రోజు ఆఫీసరుకీ అదే చెప్పినావు. కోపమంటే తెలీదంట! నాకు తెలీదా? ఆ కరెంటోడు వచ్చినప్పుడల్లా వాణ్ణి ఈ ట్యాంకులోకి తోసెయ్యాలని ఉంటాది నాకు. ఓనరు వడ్ల మూటలు కాలవలో పారబోయాలని ఉంటాది." తరువాత ఆ ఇద్దరినీ ఆవిడ తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను. అన్నీ పాలెం తిట్లే, ఒక్కటి కూడా తప్పు పలకలేదు. "ఇంక నువ్వు! రోజూ లేటుగా వస్తావు. నా పేరున వచ్చిన కవరు నాకంటే ముందు నువ్వు చింపుతావు. నేను తెలుగులో చెప్తా ఉంటే, మధ్యలో దూరి నా మాటే మళ్ళీ చెప్తావు, నేనేదో మూగదాన్నయినట్టు. ఎన్నేళ్ళు ఓర్చుకోవాల?"

నా మొహం కందిపోయింది. రాత్రింబగళ్ళు ఈవిడ కోసం తిరిగింది నేను, చివరికి పదిమందిలో మాట పడేది నేనా అని ఉక్రోషం వచ్చింది. నేనూ గొంతు పెంచాను.

"అంత కష్టంగా ఉంటే అప్పుడే చెప్పొచ్చు గదా మేడం! నోరు కుట్టేసినామా మేము?"

"అప్పుడు చెప్తే, నువ్వు కోపం వచ్చి పోయి నా మీద కంప్లయింటు ఇచ్చుంటే?"

ఆవిడ గొంతు తగ్గిపోయింది.  నేనా? నేనెందుకు ఇస్తాను? కానీ ఆవిడకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఒక్క కాయితం, ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఇచ్చిన ఒక్క ఫిర్యాదు చాలు, ఆ ఏడు గడువు పెరగకపోవడానికి. ఈ దేశమంటే ఆవిడకు లైన్‌మనూ, ఇంటి ఓనరూ, ఆ ఆఫీసరూ మాత్రమే కాదు. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఎదురుగా కూర్చునే నేను కూడా. ఇన్నేళ్ళూ ఆవిడ నన్ను చూసి కూడా భయపడుతూనే నవ్విందని తెలిసి నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ ఓదార్చడానికి రాలేదు. తడిసిన చేతులు నడుముకు ఆనించుకుని అక్కడే నిలబడింది, ఇంకా ఊపిరి ఎగపోస్తూ.

నేను కొంగుతో మొహం తుడుచుకుని ట్యాంకు గట్టు మీద కూర్చున్నాను.

"ఇంకా ఏమేం ఉండాయో చెప్పండి మేడం," అన్నాను.

చెప్పింది. మధ్యాహ్నం అన్నాల వేళ దాకా చెబుతూనే ఉంది.